వరస కలిపిన వార్డు

పైనుంచి వచ్చిన ఒక్క కాగితంతో మా జిల్లా ఆస్పత్రిలో రోగులందరికీ చుట్టాలు పుట్టుకొచ్చారు.

ఆ కాగితంలో ఉన్నది ఇంతే: ‘మానవ కేంద్రిత సంరక్షణలో భాగంగా నర్సింగ్ విద్యార్థినులు రోగులందరినీ వరస ప్రకారం పలకరించవలెను.’

నేను ఎనిమిదో తరగతితో ఆపేసి జాకెట్లు కుట్టుకుంటున్నదాన్ని. నాకైతే మొదటి మంచం దగ్గర మొదలుపెట్టి ఆఖరి మంచం దాకా ఎవర్నీ వదలకుండా పలకరించమని అర్థమైంది. నర్సింగ్ కాలేజీ గుమాస్తాకి కూడా అలాగే అర్థమైందట. కానీ ప్రిన్సిపాల్ త్రిపురసుందరి గారు డాక్టరేట్ చేసినావిడ. ఆవిడకి అంత తేలిగ్గా అర్థం కాదు. మంచాల క్యూ గురించి చెప్పడానికి ప్రభుత్వం ‘మానవ కేంద్రితం’ లాంటి పెద్ద మాట వాడదనీ, ఇక్కడ వరస అంటే బంధుత్వ వరస అనీ ఆవిడ తేల్చేశారు. అత్త వరస, బాబాయి వరస, ఆ వరస. గుమాస్తా ఏదో అనబోతే, భావాన్ని చూడాలి గానీ మాటని కాదన్నారట.

మా అమ్మాయి దేదీప్య అక్కడ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆఖరి ప్రాక్టికల్ ఒక్కటీ గట్టెక్కితే నర్సవుతుంది. లేకపోతే మళ్ళీ ఏడాది. నాకు భయం కొంచెం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అమ్మాయి ఫోను ఎత్తకపోతే ఏ లారీ గుద్దిందోనని హడలిపోతాను. మొదటి రింగుకే ఎత్తితే ఆస్పత్రిలో ఉందేమోనని హడలిపోతాను. ఆస్పత్రిలోనే ఉంటుంది, నర్సింగ్ చదువుతోంది కాబట్టి. అయినా సరే. ఈ వరసల గొడవ మొదలయ్యాక నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. పాసవకపోతే ఎలాగని ఒకటి. ఈ చదువుతో పాసైపోతే ఎలాగని ఇంకొకటి.

తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నేనూ మా ఆయన సూరిబాబూ ముందు వరసలో కూర్చున్నాం. కుర్చీల వరస. ప్రిన్సిపాల్ గారు మైకు పుచ్చుకుని, ఇన్నాళ్ళూ తాము రోగిలో రోగాన్నే చూస్తూ చారిత్రక తప్పిదం చేశామనీ, ఇకమీదట రోగిలో మేనత్తని చూస్తామనీ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టాడు, ఎందుకని అడిగితే పక్కవాళ్ళు కొట్టారు కదా అన్నాడు.

నేను లేచి, మరి ఇంజెక్షన్లు ఎప్పుడు నేర్పుతారండీ అని అడిగాను.

ఆవిడ నా వైపు జాలిగా చూశారు. “సూది చేతిలో ఉంటుందమ్మా. సంరక్షణ సంబోధనలో ఉంటుంది.”

ఆ మాటని వెనక బ్యానరు మీద కూడా రాయించారు.

ఆ తరవాత బంధుశాస్త్ర విభాగానికి కొత్తగా వచ్చిన గౌరవ ఆచార్యుల్ని పరిచయం చేశారు. చూద్దును కదా, గవర్రాజు గారు. మా వైపు పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి. మా ఆడపడుచు సంబంధం ఆయన తెచ్చిందే. జిల్లాలో ఎవరికి ఎవరు ఏమవుతారో ఆయన నాలుక చివర ఉంటుంది గనక ఆయన్ని మించిన ఆచార్యుడు లేడని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించిందట. రోగి ఎవరో తెలియనప్పుడు వరస కనిపెట్టడం ఎలాగో ఆయన ఒక పట్టిక తయారుచేసి గోడకి కొట్టించారు. తల నెరిసి మీసం నెరవకపోతే మామయ్య. రెండూ నెరిస్తే తాతయ్య. తలకి రంగు వేసుకుంటే బాబాయి. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు ఆడమనిషి అత్తయ్య, పెట్టుకోకపోతే పిన్ని. బావ వరస మాత్రం ఆస్పత్రి ఆవరణలో నిషేధం. పెళ్ళీడు కుర్రాళ్ళందరూ నిరపాయంగా అన్నయ్యలు.

టైమ్‌టేబుల్లో ఈ పాఠాలకి చోటు కావాలి కదా. అందుకని గుండె గురించిన పాఠం ఒక్క పూటకి కుదించారు. గుండెకి నాలుగు గదులున్నాయని తెలిస్తే చాలనీ, ఆ గదుల్లో ఎవరెవరున్నారో తెలుసుకోవడమే అసలు విద్యనీ గవర్రాజు గారు పాఠం చెప్పారట.

దేదీప్య రోజూ సాయంత్రం ఫోను చేసేది. నేను ముందే భయపడతానని అది మొదటి మాటగా, “అమ్మా, ఇవాళ ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే ఎవరికీ ఏమీ చెయ్యనివ్వలేదు,” అనేది.

చెయ్యనివ్వకపోవడం నిజమే. పెద్దవాళ్ళకి నొప్పి కలిగించకూడదు గనక తాతయ్య వరస రోగికి సూది వెయ్యాలంటే ముందు కాళ్ళకి దండం పెట్టాలి. ఆయన దీవించాలి. కొందరు తాతయ్యలు దీవెన మొదలుపెడితే వాళ్ళ ఊరు, ఇంటిపేరు, పోయిన అన్నదమ్ములు, అన్నీ అయ్యేదాకా ఆపరు. అప్పటికి సిరంజిలో మందు పారబోసి కొత్తది తీసుకోవాల్సి వచ్చేది. పిన్ని వరస వాళ్ళకి కట్టు కట్టాలంటే ముందు క్షేమసమాచారాలు అడగాలి. అడిగితే పిన్నులు నిజంగానే చెప్పేవాళ్ళు.

ఇంతలో ఒక చిక్కొచ్చింది. మగవాళ్ళ వార్డులో ఒక ముసలాయన్ని దేదీప్య తాతయ్యా అంటోంది. ఆయన భార్య ఆడవాళ్ళ వార్డులో ఉంది. ఆవిడకి జుట్టు నల్లగా ఉండటం వల్ల దీని స్నేహితురాలు పట్టిక చూసి అక్కా అని పిలిచింది. బ్యాచ్ అంతటికీ ఒకటే వరస కాబట్టి, ఆయన తాతా, ఆవిడ అక్కా అయ్యారు. అంటే ఆయన తన మనవరాలినే పెళ్ళాడినట్టు లెక్క. గవర్రాజు గారు చెవులు మూసుకున్నారు. వరస సర్దుబాటయ్యేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూడటానికి వీల్లేదని ప్రిన్సిపాల్ గారు ఉత్తర్వు వేశారు. మాకు పెళ్ళై ఏళ్ళూ పూళ్ళూ అయ్యాయి, ముగ్గురు పిల్లలు కూడానని ఆ ముసలావిడ మొత్తుకుంది. ‘సదరు వివాహం సంస్థ పట్టికకు ముందు జరిగినందున కమిటీ దానిని సానుభూతితో పరిశీలించును’ అని జవాబిచ్చారట. ఆవిడ కిటికీలోంచి భర్తకి కారప్పూస పొట్లాం విసిరేది.

ఇంకొకాయనకి సీనియర్ సిస్టరు అల్లుడి వరస పెట్టింది. కాలు విరిగి వచ్చిన సైకిలు షాపతను. అంతవరకూ బుద్ధిగా మాత్రలు మింగేవాడు. అల్లుడయ్యేసరికి అలిగాడు. ముద్దపప్పులో నెయ్యి లేదని ఒక పూట, కొత్త బట్టలు పెట్టలేదని ఒక పూట మందు మానేశాడు. సిస్టరు గారు ఆయన్ని బతిమాలుతూ కూర్చుంటే వార్డులో మిగతావాళ్ళు చూసి తమకీ అల్లుడి వరసే కావాలని అర్జీ పెట్టుకున్నారు.

నేను ఇవన్నీ విని వణికిపోతుంటే మా ఆయన నవ్వేవాడు. నువ్వు జబ్బు చేసి వెళ్తే నీకు ఏ వరస పెడతారో అనేవాడు. నాకు జబ్బు చేస్తుందనే ఆలోచన ఆయనకెందుకు వచ్చిందోనని నాకు ఇంకో భయం.

అసలు గండం ఎక్కడొచ్చిందంటే, ఒక తాతయ్య చనిపోయాడు. చాలా పెద్దవాడు. ఆయన ఆయుష్షు తీరింది, ఎవరి తప్పూ లేదు. కానీ ఆయన బ్యాచ్ మొత్తానికి తాతయ్య. తాత పోతే మనవరాళ్ళకి మైల కదా. ముట్టుకోకూడదు, దీపం పెట్టకూడదు, ఇంకొకరి ఇంటికి వెళ్ళకూడదు. పిల్లలందరినీ హాస్టల్లో కూర్చోబెట్టేశారు. రెండు వార్డుల్లో సెలైన్ సీసా మార్చడానికి మనిషి లేదు. లిఫ్టు నడిపేవాడికి ఆ ముసలాయన పెదనాన్న వరసట, లిఫ్టు కూడా ఆగిపోయింది. రోగుల తరఫు వాళ్ళే సీసాలు పట్టుకుని నిలబడ్డారు.

మళ్ళీ కమిటీ కూర్చుంది. ఎంతో మథనపడి ఒక పరిష్కారం కనిపెట్టింది. ఏ రోగి పరిస్థితైనా విషమిస్తే అతని వరసని వెంటనే దూరపు చుట్టరికానికి దించెయ్యాలి. పోయినా స్నానంతో సరిపోయే వరస అన్నమాట. పూర్తిగా విషమిస్తే వరస తీసేసి పేరు చివర ‘గారు’ చేర్చాలి.

దాంతో ఊరంతటికీ ఆ గుట్టు తెలిసిపోయింది. నిన్నటిదాకా తాతయ్యా అంటూ వచ్చిన పిల్ల ఇవాళ, “వీర్రాజు గారూ, ఎలా ఉన్నారండీ,” అందంటే చాలు, మంచం చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమనేవాళ్ళు. కొంతమంది ఆ మాట వినగానే ఊళ్ళో బంధువులకి కబురు పెట్టేసేవాళ్ళు. ఒకాయన్ని మర్యాద కోసం కొత్త నర్సు పిల్ల పొరపాటున గారు అంటే, ఆయన అక్కడికక్కడే వీలునామా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి ఉన్నది గజ్జి.

ఇదిగో ఇలాంటి రోజుల్లో దేదీప్య ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది.

నేను ముందురోజు నుంచీ ముద్ద మింగలేదు. పొద్దున్నే మా ఆయన ఫ్లాస్కులో పాలు పోసుకుని నన్ను తీసుకొచ్చాడు. లిఫ్టు ఇంకా నడవడం లేదు గనక మెట్లెక్కాం. పరీక్ష వార్డులో, మేం బయట వరండాలో. యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు పురుషోత్తం గారు, ప్రిన్సిపాల్ గారు, గవర్రాజు గారు ముగ్గురూ లోపల బల్ల వేసుకుని కూర్చున్నారు.

ఒక్కొక్క పిల్లనీ పిలుస్తున్నారు. దేదీప్య వంతు వచ్చేసరికి దానికి కేటాయించిన తాతయ్య మంచం మీద లేడు. పరీక్ష సంగతి విని తెల్లవారకముందే సెలైన్ పీకేసుకుని గోడ దూకాడట. రోగి లేకపోతే పరీక్ష లేదు, గైర్హాజరు కింద రాస్తాం, వచ్చే ఏడాది రావచ్చు అని ఎగ్జామినరు గారు అంటున్నారు. వచ్చే ఏడాది అన్న మాట నా చెవిన పడింది. ఆ ఏడాదంతా నా కళ్ళముందు గిర్రున తిరిగింది. ఆ తరవాత వరండా తిరిగింది. నేను కింద పడ్డానని మా ఆయన తరవాత చెప్పాడు.

కళ్ళు తెరిచేసరికి ఆ ఖాళీ మంచం మీద ఉన్నాను. ఎగ్జామినరు గారు తృప్తిగా, “రోగి లభించెను, కానివ్వండి,” అంటున్నారు.

తల పగిలిపోతోంది. ఒళ్ళంతా చెమట. దేదీప్య బీపీ పట్టీ చేత్తో పట్టుకుని నా మీదకి వంగింది. దాని మొహం తెల్లబోయి ఉంది.

“ఆగమ్మా. ముందు వరస,” అన్నారు ఎగ్జామినరు గారు.

“మా అమ్మండీ.”

గవర్రాజు గారు నన్ను ఎగాదిగా చూసి, నడివయసు, కళ్ళజోడు, పట్టిక ప్రకారం అత్తయ్య అన్నారు.

“కాదండీ, నిజంగానే మా అమ్మ. నన్ను కన్నది. ఈవిడకి బాగోలేదు, బీపీ చూడనివ్వండి.”

ప్రిన్సిపాల్ గారు నొచ్చుకున్నారు. “కన్నదా లేదా అన్నది నీ వ్యక్తిగత విషయం దేదీప్యా. వృత్తిలోకి సొంత సంబంధాలు తీసుకురాకూడదు. పట్టికలో తల్లికి గడి లేదు.”

ఎగ్జామినరు గారు పెన్ను మూత తీశారు. దేదీప్య ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, ఆ పిల్ల మొండిది, చిన్నప్పటి నుంచీ అంతే, ఇంకొక్క మాట అనేస్తుందనీ, ఆ పెన్ను కాగితం మీద పడుతుందనీ నాకు తెలిసిపోయింది. అప్పుడే ప్రిన్సిపాల్ గారు నా దగ్గరకి వచ్చి ఎంతో మృదువుగా, “అనంతలక్ష్మి గారూ, కంగారు పడకండి,” అన్నారు.

గారు అన్నారు. అయిపోయిందనుకున్నాను. సరే, పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, పిల్లని పాస్ చేయించి పోదామనుకున్నాను.

“ఏమ్మా కోడలా,” అన్నాను. “అత్త మంచాన పడి ఉంటే అలా గుడ్లప్పగించి చూస్తావేం? మీ పుట్టింట్లో చెయ్యి పట్టుకుని పలకరించడం నేర్పలేదా?”

దేదీప్య ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత దాని పెదవి కొన కదిలింది.

“వస్తున్నానత్తయ్యా. చెయ్యి ఇలా ఇవ్వండి, గాజులు సర్దుతాను,” అంటూ నా గాజులు పైకి తోసి, చీర కొంగు కప్పి, దాని కింద పట్టీ చుట్టేసింది.

ఎగ్జామినరు గారు ముందుకి వంగారు. సహజంగా ఉందని గవర్రాజు గారి చెవిలో అన్నారు. నాకు హుషారొచ్చింది. మా అత్తగారు నన్ను ఎన్ని అన్నదో అన్నీ వరసపెట్టి అందుకున్నాను. కాఫీలో పంచదార వేస్తే గుప్పెడు పోస్తావు, లేకపోతే పిసినారితనం చూపిస్తావు, పొద్దున్నే లేవవు, లేస్తే తలుపు చప్పుడు చేస్తావు అన్నాను. చివరికి, నిన్నని ఏం లాభం, మీ అమ్మ పెంపకం అలాంటిది అన్నాను.

“మా అమ్మని ఏమీ అనకండత్తయ్యా,” అంది దేదీప్య, కొంగు కింద పట్టీ రబ్బరు బుడ్డి నొక్కుతూ. “మా అమ్మ పిరికిది. అంతేగానీ పెంపకానికి ఏం లోటు లేదు.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కూడా మార్కుల్లో వేసుకున్నారు.

అంతలో దాని చెయ్యి ఆగిపోయింది. బీపీ గేజీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూసి, గుమ్మం వైపు తిరిగి గట్టిగా పిలిచింది. “మామయ్య గారూ, త్వరగా రండి. అత్తయ్యకి పైది రెండొందలు దాటింది.”

డ్యూటీ డాక్టరు కిరీటి గారు పరుగున వచ్చారు. నాకంటే ఎంతో చిన్నవాడు, ఇంకా పెళ్ళి కూడా కాలేదు. అత్తయ్యకి మొగుడు మామయ్యే కదా. గదిలో అందరూ ఆ లెక్క కట్టుకున్నట్టున్నారు. ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా ఆయన మెల్లిగా అడిగాడు, “ఆ బాబు మావయ్యగారైతే మరి నేనెవర్నండీ?”

గవర్రాజు గారు పట్టిక చూశారు. “మీరు అటెండెంటు,” అన్నారు.

డాక్టరు గారు ఇవేమీ పట్టించుకోకుండా ఏదో మాత్ర రాసి, ఈసీజీ మిషను తెమ్మన్నారు. ఎగ్జామినరు గారికి నచ్చలేదు. భర్త స్థానంలో ఉన్నారు కాబట్టి సహజత్వం కోసం ఒక్కసారైనా భార్యని విసుక్కోమని డాక్టరుని కోరారు. డాక్టరు గారు ముందు బల్ల అడ్డు తియ్యమన్నారు. విసుక్కునే పని ఎన్నాళ్ళుగానో తనే చూసుకుంటున్నానని, అదొక్కటీ తనకి వదిలెయ్యమని మా ఆయన వాళ్ళకి విన్నవించుకున్నాడు.

బల్ల జరిపారు. దేదీప్య నా నోట్లో మాత్ర వేసి నీళ్ళు పట్టించింది, వెనక దిండు ఎత్తుగా పెట్టింది, తీగలు అతికించింది. కాగితం చూసి డాక్టరు గారు గుండె బాగానే ఉందన్నారు, బీపీ తగ్గాలి, పడుకోబెట్టమన్నారు. ఈ పనులన్నిటికీ కొత్త మార్కుల కాగితంలో గడులు లేవు. పైగా సేవ మధ్యలో బీపీ చూడటం వల్ల సంభాషణ ధార తెగిందని రెండు మార్కులు కోశారు. అయినా అత్తాకోడళ్ళ అనుబంధంలో ఇంత జీవకళ తన సర్వీసులో చూడలేదని ఎగ్జామినరు గారు రాసి సంతకం పెట్టారు. పాసు. ముగ్గురూ టీ తాగడానికి వెళ్ళిపోయారు. నన్ను వచ్చే బ్యాచికి నమూనా అత్తగా పిలిపించాలని ప్రిన్సిపాల్ గారు వెళ్తూ గుమాస్తాకి చెప్పడం వినిపించింది.

దేదీప్య తెర లాగింది. కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుని, నా మణికట్టు పట్టుకుని, తన చేతిగడియారం వైపు చూడసాగింది.

పాసయ్యావా దీపూ, నిజంగానే పాసేనా, సంతకం సరిగ్గా పెట్టాడా, నాకు గారు అన్నారేమిటి, నీకేమైనా చెప్పారా అని నేను మొదలుపెట్టాను.

“మాట్లాడకమ్మా,” అంది గడియారం మీంచి చూపు తిప్పకుండా. “లెక్క తప్పుతుంది.”

నోరు మూసుకున్నాను. దాని వేళ్ళు నా మణికట్టు మీద చల్లగా, నిలకడగా ఉన్నాయి. పక్క మంచంలో ఎవరో దగ్గారు. మా ఆయన ఫ్లాస్కు మూతలో పాలు పోస్తున్న చప్పుడైంది. పాసైతే ఎలాగన్న నా రెండో భయం అలా ఆ వేళ్ళ కిందే ఎప్పుడో జారిపోయింది. జ్ఞాపకం ఉన్నంతలో, ఏ భయమూ లేకుండా నేను ఊపిరి తీసుకున్నది ఆ కాసేపే.

అది చెయ్యి వదిలి, దుప్పటి సర్ది, “బానే ఉంది. పడుకో,” అంది.

బానే ఉంటే అంత మెల్లిగా ఎందుకు చెబుతుంది?